అమావాస్య గంటలు

"రాత్రంతా కూర్చునే కదా వచ్చేవు. ఆ చేపలేవో కాస్త చూడు. మావయ్య భోజనానికి వత్తన్నాడు," అన్నాడు మా ఆయన నాగేంద్రబాబు.

నేనప్పుడు గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాను. రాంచీలో తెల్లవారుజామున ఎక్కిన బస్సు టాటానగర్‌లో, మానగో దగ్గర దింపేసరికి ఎండ ఎక్కేసింది. అక్కడి నుంచి సిద్ధగోరాలో మా ఇంటి దాకా ఆటోలో కునికిపాట్లు పడుతూ వచ్చాను. యూనిఫాం చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. వంటింటి సింకులో, సాక్చీ బజారు నుంచి ఆయన తెచ్చిన రోహూ చేప పొలుసు కూడా తీయించకుండా అలాగే పడి ఉంది. పొలుసు తీయించుకు రావచ్చు కదా అని అడిగే ఓపిక లేక బట్టలు కూడా మార్చుకోకుండా, చొక్కా చేతులు మడిచి, కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. నాగేంద్ర చెడ్డవాడు కాదు. గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. ఎనిమిది గంటలూ నిలబడే పని. నిలబడితే పని, కూర్చుంటే విశ్రాంతి అన్నది ఆయన లెక్క. ఆ లెక్క ప్రకారం నేను రాత్రంతా విశ్రాంతి తీసుకుని వచ్చాను. మధ్యలో ఒక అరగంటసేపు చావుకీ నాకూ మధ్య ఒక సన్నటి తెల్లగీత తప్ప ఇంకేమీ లేదని చెప్పాలనుకున్నాను. పొలుసులు రాలుతున్న చప్పుడులో ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఆయన మేనమామ వరహాలు వచ్చాడు. పలాస దగ్గర ఊరు. మొదటిసారి టాటానగర్ వచ్చాడు. పులుసు మెచ్చుకుంటూ, "కోడలు ఏదో ఉజ్జోగం సేత్తాదన్నారు, ఏటి సేత్తాది?" అని నన్ను కాక నాగేంద్రని అడిగాడు.

"ఫ్లైట్లో, మావయ్యా."

"అయితే టీలూ కాఫీలూ అందిత్తాదన్నమాట. మంచిదే, మంచిదే."

నాగేంద్ర నవ్వాడు. కాదనలేదు. ఎప్పుడూ కాదనడు. ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి తనుశ్రీ ముద్ద మింగి, "నహీ దాదాజీ, మమ్మీ ప్లేన్ ఉడాతీ హై," అంది. మమ్మీ విమానం నడుపుతుంది, అని. పెద్దాయనకి హిందీ అర్థం కాలేదు. "ఏటంటాది పిల్ల?" అన్నాడు. "ఏం లేదు, మావయ్యా. తిను తనూ," అన్నాడు నాగేంద్ర. ఇంకో ముక్క ఆయన కంచంలో వేసి వంటింట్లోకి వచ్చేశాను.

నిజంగానే నేను విమానం నడుపుతాను. రాంచీలో ఒక చిన్న కంపెనీ. రోగుల్ని పెద్దాసుపత్రులకి తీసుకెళ్లే రెండు ఇంజన్ల విమానాలు వాళ్లవి. ముందు రెండు సీట్లు, వెనక ఒక స్ట్రెచరు, డాక్టరు, నర్సు. ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. నేను కుడి సీటు. పెళ్లికి ముందు నుంచీ కుడి సీటే. ఎడమ సీటుకి వెళ్లాలంటే పెద్ద లైసెన్సు కావాలి. దానికి మిగతావన్నీ ఉన్నాయి, ఒక్కటి తక్కువ. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ అంటారు. బయటి ఆనవాలు ఏదీ లేకుండా, కేవలం ముందున్న పరికరాల్ని మాత్రమే చూసుకుంటూ విమానం నడిపిన సమయం అని దానికి అర్థం. లాగ్‌బుక్కులో దానికో గడి ఉంటుంది. మబ్బుల్లోంచి వెళ్లినప్పుడు అందరూ ఆ గడి నింపుతారు, ఎవరూ అడగరు. అమావాస్య రాత్రి అడవి మీద వెళ్లినప్పుడే గొడవ. మబ్బు ఉండదు. గాలి నిర్మలంగా ఉంటుంది. కానీ కింద ఒక్క దీపం ఉండదు, భూమి ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అద్దానికి అవతల నల్లటి గుడ్డ కట్టేసినట్టు ఉంటుంది. అటువంటి రాత్రులు నేనెన్ని నడిపానో! దిగాక కెప్టెన్ దీపక్ ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు: "మౌసమ్ సాఫ్ థా, బిందు." వాతావరణం బాగానే ఉందిగా, అని. ఆయన ఆ మాట అన్నాక నేను ఆ గడి ఖాళీగా వదిలేసేదాన్ని. ఇంట్లో కూడా అంతే కదా, అంతా బాగానే ఉందిగా అన్నాక ఇంకేం రాసుకుంటాం?

నాకు చీకటంటే మోజు. అది చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నేను పుట్టి పెరిగింది ఈ సిద్ధగోరాలోనే. నాన్న తవిటయ్య ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. మా చిన్నప్పుడు రాత్రిళ్లు కొలిమిలోంచి ఎర్రగా కాగే చిట్టెం పారబోస్తే ఆకాశమంతా ఎర్రబడిపోయేది. డాబా మీద పడుకుంటే ఆ వెలుగులో మా అమ్మ ముక్కుపుడక కూడా కనిపించేది. ఇప్పుడు ఆ ఎరుపు తగ్గింది కానీ, దీపాలు పెరిగాయి. ఈ ఊళ్లో రాత్రి ఎప్పుడూ పూర్తిగా నల్లబడదు. ఎవరో ఒకరికి నువ్వు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటావు. ట్రైనింగులో మొదటిసారి రాత్రి పైకి వెళ్లి, ఊరు వెనక్కి పోయాక ముందంతా చీకటి పరుచుకుంటే, భయపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. నన్ను ఎవరూ పిలవని చోటు అది. "బిందూ, టవలేదీ", "బిందూ, అమ్మ మందులేవీ", "బిందూ, ఇంకా అవలేదా" అన్న మాటలేవీ చేరని చోటు. అక్కడ నా రెండు చేతులకీ ఒకటే పని, నా మనసుకీ ఒకటే పని. ఇంటికొచ్చి నాగేంద్ర పక్కన పడుకున్నప్పుడు కూడా ఒక్కోరోజు నా వేళ్లు ఆ కంట్రోలు పట్టుకున్నట్టు వంగే ఉంటాయి. పక్కన ఉన్న మనిషి కోసం కాక, ఒక చీకటి కోసం ఇంత తపించే ఆడదాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఆ రాత్రి జరిగింది ఇది. రోగిని హైదరాబాద్‌లో దించి ఖాళీగా తిరిగి వస్తున్నాం. డాక్టరూ నర్సూ వెనక నిద్రపోతున్నారు. ఆటోపైలట్ మొరాయిస్తోంది, అందుకని దీపక్ చేత్తోనే నడుపుతున్నాడు. రెండు రోజులుగా ఆయనకి సరైన నిద్ర లేదు. ఒడిశా అడవుల మీదికి వచ్చేసరికి బయట ఏమీ లేదు. ఆ లేకపోవడంలో, ఎడమ పక్కన చాలా దూరంలో, ఒక దీపాల వరస కనిపించింది. కొండవాలు మీద ఇనుప గనుల దీపాలు. కొండ వాలుని బట్టి ఆ వరస ఏటవాలుగా ఉంది. అలిసిపోయిన కళ్లకి చాలా సేపటి తర్వాత ఏదో ఒకటి దొరికితే దాన్నే పట్టుకుంటాయి. దీపక్ ఆ వరసని దిగంతం అనుకున్నాడు. దానికి సమంగా రెక్కల్ని సర్దాడు. అంటే విమానాన్ని పక్కకి ఒరిగించాడు. నా ముందున్న తెర మీద పైన ఆకాశానికి నీలం, కింద భూమికి మట్టిరంగు, మధ్యలో దిగంతానికి తెల్లగీత ఉంటాయి. ఆ గీత వంగడం మొదలైంది.

"సర్, బ్యాంక్," అన్నాను. ఒరుగుతోంది అని.

"సీధా హీ తో హై," అన్నాడు. తిన్నగానే ఉంది కదా, అని. ఆయన తెర వైపు చూడలేదు. దీపాల వైపే చూస్తున్నాడు.

గీత ఇంకా వంగింది. ముక్కు కిందికి దిగుతోంది. ఇంజన్ల చప్పుడు పెరిగింది. నా ఒళ్లు కూడా తిన్నగానే ఉన్నాం అంటోంది, అదే భయంకరం. ఒళ్లు అబద్ధం చెప్పేటప్పుడు అచ్చం నిజంలాగే చెబుతుంది. మళ్లీ "సర్" అన్నాను. ఆయన ఇంకా ఒరిగిస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఆఫీసులో ఎక్కడా నేను రెండోసారి అడిగాక మూడోసారి అడగను. ఊరుకుంటాను. ఆ క్షణంలో కూడా నాలో ఒక బుద్ధిమంతురాలు ఊరుకోమంటోంది, ఆయన పెద్దాయన, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాడు అంటోంది. దాని గొంతు వింటూనే కంట్రోలు గట్టిగా పట్టుకుని, "ఐ హావ్ కంట్రోల్," అన్నాను. ఇక విమానం నడిపేది నేను అని అర్థం. అది కో-పైలట్ కెప్టెన్‌తో మామూలుగా అనే మాట కాదు. దీపక్ చేతులు వదిలేశాడు. రెక్కలు సరిచేశాను. ముక్కు పైకెత్తాను. గీత మళ్లీ పడుకుంది. బయటికి ఒక్కసారి కూడా చూడలేదు, చూడ్డానికేమీ లేదు కూడా. రాంచీ దీపాలు కనిపించేదాకా నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చుని రెండు అరచేతులూ మోకాళ్ల మీద రుద్దుకుంటూ ఉన్నాడు. రన్‌వే దగ్గర పడ్డాక, "మై లేతా హూఁ," అని తీసుకుని తనే దింపాడు. వెనక వాళ్లు దిగేటప్పుడు ఆవలిస్తూ థాంక్యూ అన్నారు, ఆయనకి.

ఆఫీసు గదిలో కూర్చుని లాగ్‌బుక్కు తీశాను. నడిపినంతసేపూ ఇన్‌స్ట్రుమెంట్ గడిలో రాశాను. దీపక్ నా భుజం మీంచి చూశాడు.

"ఇదేంటి? ఒక్క మబ్బయినా ఉందా ఇవాళ?"

"మబ్బు లేదు సర్. కానీ బయట ఏమీ కనిపించలేదు."

"చుక్కలు కనిపించాయిగా."

"చుక్కల్ని చూసి నడపలేదు సర్."

ఆయన గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత చాలా మెల్లగా, "చోడ్ దో నా, బిందు. ఆ గడి ఖాళీగా వదిలెయ్. ఎప్పట్లాగే," అన్నాడు. నేను వదల్లేదు. దాని పక్కన కెప్టెన్‌గా పెట్టాల్సిన సంతకం ఆయన పెట్టలేదు. నేను బస్సెక్కి ఇంటికొచ్చి చేప తోమాను.

వరహాలు మావయ్య వెళ్లాక అందరూ కాసేపు నడుం వాల్చారు. నేను గిన్నెలు తోముతుంటే మా అత్త అమ్మణ్ణి వచ్చి గడప మీద కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ నా పని గురించి అడగదు. ఆ రోజెందుకో, "ఏటే, మొకం అలా ఉంది. ఏటయింది?" అంది. ఎవరో ఒకరు అడిగితే చాలన్నట్టు ఉన్నాను. అంతా చెప్పేశాను. ఆవిడ వింటూ వింటూ చీర కొంగుతో గడప తుడిచింది, తుడిచిందే తుడిచింది.

"అంత సీకట్లో నీకేటి అగుపడతాదే?"

"ఏటీ అగుపడదత్తా. ఎదురుగా ఒక గీత ఉంటాది. దాన్ని నమ్ముకోవాలి. కళ్లు చెప్పింది, ఒళ్లు చెప్పింది నమ్మకూడదు."

"ఒళ్లు సెప్పింది నమ్మకూడదా!" అని ఆశ్చర్యపోయింది. అంతలోనే నవ్వింది. "మాకేటి, మొగుడు సెప్పింది నమ్మమన్నారు. ఒళ్లు సెప్పింది అడిగినోళ్లెవురు?" తర్వాత ఆవిడ నన్ను కాక పెరటిగోడని చూస్తూ మాట్లాడింది. వాళ్ల ఊళ్లో మరుగుదొడ్లు లేని రోజుల్లో ఆడవాళ్లంతా తెల్లారకముందే చీకట్లో చెరుకుతోటల వైపు వెళ్లేవాళ్లట. పగలు వెళ్లడానికి లేదు, సిగ్గు. కడుపునొప్పి వచ్చినా రాత్రి దాకా బిగబట్టుకోవలసిందేనట. "సచ్చిపోయేంత కట్టంలే అది. కానైతే ఒకటి సెప్తాను, నవ్వకు. ఆ సీకట్లోనే మావు నవ్వుకునేవోళ్లం. అత్త కనబడదు, మావ కనబడడు. పాటలు పాడుకునేవోళ్లం. ఈడికొచ్చినాక ఇంట్లోనే అన్నీ. సుకమే. ఆ సీకటి మాత్తరం మరి సూడ్నేదు." ఆవిడ గొంతులో ఉన్నది నాకు తెలిసినదే. నా చేతిలో తపేలా అలాగే ఉండిపోయింది. పదకొండేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం, ఇద్దరం ఒకే దాని కోసం బెంగపెట్టుకున్నామని ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

సాయంత్రం నాగేంద్రతో చెప్పాను. నాకు కావలసినవి రెండే మాటలు. భయం వేసిందా, అని ఒకటి. తర్వాతేం చేశావు, అని ఒకటి. ఆయన టీ కప్పు కింద పెట్టి, "ఆయన చేతిలోంచి లాక్కున్నావా?" అన్నాడు.

"లాక్కోలేదు. తీసుకున్నాను."

"అదే. రేపు నా కింద పనిచేసే కుర్రాడు అలా చేత్తే నేనూరుకుంటానా? ఆయన సీనియరు. మనసులో పెట్టుకుంటాడు. ఆ గడి ఖాళీగా వదిలేత్తే ఏటి పోతాది నీకు?"

"నేను నడిపింది పోతుంది."

"నడిపేవని నీకు తెలుసు కదా. చాల్దా?"

చాలదని అప్పుడే అర్థమైంది. ఇన్నేళ్లూ నాకు తెలిస్తే చాలని ఎంతమంది ఎన్నిసార్లు నన్ను ఒప్పించారు! పులుసులో ఉప్పు సరిపోయిందని నాకు తెలిస్తే చాలు, అత్తగారి ఆపరేషన్ వేళ నెలరోజులు సెలవు పెట్టింది నేనని నాకు తెలిస్తే చాలు. ఎవరికీ తెలియక్కర్లేని పనులు చేసే మనిషి చివరికి తనకి కూడా తెలియకుండా పోతుంది.

సంతకం లేని ఎంట్రీ కాబట్టి అది ఆపరేషన్స్ అధికారి మోహిత్ దగ్గరికి చేరింది. నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ రాత్రి గురించి అడిగాడు. చెప్పాను. అడ్డుపడకుండా విన్నాడు. చివర్లో, "మేడమ్, ఇది పైకి వెళ్తే కెప్టెన్ సాబ్‌కి విచారణ. ఆయన రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది. మీకు కావలసింది ఆ గంటలే కదా? ఈ ఎంట్రీ కొట్టేయండి. వచ్చే నెల మిమ్మల్ని సిమ్యులేటర్‌కి పంపిస్తాం. నేల మీదే ఆ యంత్రంలో కూర్చుని నడిపితే గంటలు వచ్చేస్తాయి. ఆ తర్వాత మీ కమాండ్ ట్రైనింగ్. ఎడమ సీటు," అన్నాడు. ఎడమ సీటు అన్న మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో! ఆ సీటు కోసం నేను తనూకి పాలు మాన్పించి మరీ పరీక్షలు రాశాను. బస్సుల్లో పుస్తకాలు చదివాను. నిద్రలో చెక్‌లిస్టులు వల్లించాను. ఒక్క గీత గీసి కొట్టేస్తే అది నాది. "ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని సోమవారం చెప్పండి," అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట నాగేంద్రకి చెప్పాను.

ఆ ఆదివారం దీపక్ ఫోన్ చేశాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. చాలాసేపు మామూలు మాటలు మాట్లాడాడు. తర్వాత, "బిందు, ఆ దీపాలు నిజంగా నాకు హొరైజన్ లాగే కనిపించాయి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అలాగే కనిపిస్తున్నాయి. నీంద్ నహీ ఆతీ," అన్నాడు. నిద్ర పట్టడం లేదట. ఆయన గొంతు ముసలివాడి గొంతులా ఉంది. మొదట్లో ఆ కంపెనీలో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకోడానికి ఒప్పుకున్నది ఆయనొక్కడే. నాకు జాలేసింది. ఆ జాలితో పాటు చెయ్యి దానంతట అదే ఒక గీత గీసేయడానికి సిద్ధమైపోయింది. మగవాడి గొంతు వణికితే చాలు, మా తప్పు కాకపోయినా సర్దేయాలని మమ్మల్ని పెంచారు. "ఆ మాట మోహిత్‌తో చెప్పండి సర్," అన్నాను. "ఎలా చెప్పను?" అన్నాడు. చేతిలో తనూ స్కూలు చొక్కా నీళ్లు కారుతూనే ఉంది. వెనక్కి తిరిగితే నాగేంద్ర తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "కెప్టెనేనా? ఎంత మర్యాదగా అడుగుతున్నాడు, చూడు," అన్నాడు.

సోమవారం బస్సులో రాంచీ వెళ్తున్నంతసేపూ నేనింకా ఏమీ నిర్ణయించుకోలేదు. నిజం చెప్పాలంటే కొట్టేయడం వైపే మొగ్గుతున్నాను. చాండిల్ దాటాక కిటికీలోంచి కొండలు చూస్తూ, ఎడమ సీటులో కూర్చుంటే ఇదే కొండ ఎటువైపు కనిపిస్తుందో ఊహించుకుంటున్నాను. ఎలాగైతేనేం, చేరతాను కదా అనుకుంటున్నాను.

మోహిత్ గదిలోకి వెళ్లేసరికి ఆయన నవ్వుతూ లేచాడు. "రండి మేడమ్. మీవారు నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. మాట్లాడుకున్నాం, ఆవిడ కొట్టేస్తుంది, మీరేం కంగారు పడకండి అన్నారు. చాలా మంచివారు. మరి, చేసేద్దామా?" అని పెన్ను నా వైపు తిప్పి పెట్టాడు.

నేను పెన్ను వైపు చూస్తూ నిలబడిపోయాను. నాకు కోపం రాలేదు. కోపం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. అప్పుడు కలిగింది ఒక రకమైన తేటదనం. నాగేంద్ర నా ఫోన్లోంచి ఈయన నంబరు వెతికి తీసుకుని ఉంటాడు. బహుశా నేను చపాతీలు ఒత్తుతున్నప్పుడు బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి ఉంటాడు. నా మేలు కోసమే అనుకుని ఉంటాడు. ఆ మాటల్లో నేను లేను. అడవి లేదు, దీపాల వరస లేదు, నా చేతులు లేవు. ఆ రాత్రి అక్కడ లేని ఇద్దరు మగవాళ్లు, నేనున్న రాత్రి గురించి మాట్లాడుకుని తీర్మానించేశారు.

"సర్," అన్నాను, "ఆ రాత్రి మావారు విమానంలో లేరు. మీరూ లేరు. నేనున్నాను. బయట ఏమీ కనిపించలేదు, విమానం నేను నడిపాను. ఆ ఎంట్రీ ఉంటుంది."

మోహిత్ నవ్వు ఆగిపోయింది. "సిమ్యులేటర్ మాట..." అన్నాడు.

"పంపితే వెళ్తాను. దీనికి బదులుగా మాత్రం వెళ్లను."

ఆ రోజు నుంచి నా పేరు డ్యూటీల్లో లేకుండా పోయింది. విచారణ అన్నారు. ఇంట్లో నాగేంద్ర కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు. "నా పరువు తీసేవు. ఆయన నా గురించి ఏటనుకుంటాడు?" అన్నాడు. ఆయన ఏమనుకుంటాడన్నది నేను మోయవలసిన బరువు కాదని చెప్పాను. నా తరఫున ఎవరితోనూ మాట్లాడవద్దని, నా ఫోన్ ముట్టుకోవద్దని చెప్పాను. పెళ్లయ్యాక మొదటిసారి ఒక మాట చెప్పి, దాని వెనకాల నవ్వు చేర్చలేదు. వానలు పడ్డాయి. రాత్రిళ్లు డాబా మీద తడిసిన బట్టలు తీస్తూ మబ్బుల వెనక ఏదైనా ఇంజను చప్పుడు వినిపిస్తే ఒళ్లంతా చెవులై నిలబడేదాన్ని. ఇంకెప్పటికీ వెళ్లనేమో అనిపించిన రోజులున్నాయి. ఆ రోజుల్లో అమ్మణ్ణత్త ఏమీ అడగకుండా వచ్చి నా పక్కన నిలబడేది.

విచారణకి వచ్చినవాళ్లు విమానంలోని పరికరాల రికార్డు తీయించారు. ఒరుగు ఎంతో, దిగుడు ఎంతో, ఎప్పుడు సరయిందో అందులో ఉంది. దాన్ని ముందు పెట్టాక దీపక్ తనే చెప్పాడట, ఆ తర్వాత నడిపింది నేనేనని. ఆయనకి మళ్లీ శిక్షణ ఇచ్చారు, ఇప్పుడు పగటి ప్రయాణాలు నడుపుతున్నాడు. ఎదురుపడితే తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. నా ఎంట్రీ నిలబడింది. అంతకుముందు ఖాళీగా వదిలేసిన రాత్రుల్ని మాత్రం ఇప్పుడు నింపడానికి వీల్లేదన్నారు. అవి పోయినట్టే. ఆ గంటల్లో నేనెక్కడున్నానో ఎవరూ చెప్పలేరు.

వానలు వెనకబట్టాక మళ్లీ పిలిచారు. వేరే కెప్టెను, వేరే రోగి, తిరుగు ప్రయాణం అదే అడవుల మీద. నాగేంద్ర బస్టాండు దాకా స్కూటర్ మీద దింపాడు. దిగాక ఏదో అనబోయి, "జాగ్రత్త," అన్నాడు. ఆ రాత్రి చంద్రుడు లేడు. ఊళ్ల దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి, ఆఖరి దీపం కూడా పోయింది, నేను ఇన్నాళ్లుగా ఎదురుచూసిన నలుపు అద్దం నిండా వచ్చి నిలిచింది. కెప్టెన్ కంట్రోలు నాకిచ్చాడు. నేను గీత మీద చూపు పెట్టాను. దిగాక ఆ గడిలో ఏం రాయాలో నేను ఎవరినీ అడగబోవడం లేదు. ఇంకా చాలా గంటలు కావాలి, ఇంకా చాలా అమావాస్యలు కావాలి. నేను కుడి సీటులోనే ఉన్నాను, ఎడమ సీటు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.